నాటకమే కథానాయకుడు: ‘షేక్‌స్పియర్ ఇన్ లవ్’ చిత్రం గురించి

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రేమను, నాటకరంగాన్ని ముడివేసి నవ్వించే చిత్రం ఏదైనా ఒకటి తీసుకొని మాట్లాడమని కార్యవర్గంవారు నన్ను కోరారు. అలాంటి చిత్రాలు లోకంలో చాలా ఉన్నాయి. నేను ఎంచుకొన్నది 1998లో వచ్చిన ‘షేక్‌స్పియర్ ఇన్ లవ్’ అనే ఇంగ్లీషు చిత్రం. తెలుగువాళ్ళ పండుగలో ఇంగ్లీషు చిత్రం ముచ్చట ఏమిటని ఎవరైనా అనుకోవచ్చు. ఇక్కడ, ఈ దక్షిణాఫ్రికాలో, మన పిల్లల్లో చాలామంది ‘రోమియో జూలియట్’ బడిలో చదివి, పరీక్ష రాసి, మార్కులు తెచ్చుకొన్నవారే. ఆ నాటకం ఎలా పుట్టి ఉంటుందో ఊహించి అల్లిన కథ ఈ చిత్రం. ఇందులో వేషం కట్టాలని తపించే ఒక ఆడపిల్ల ఉంది. అప్పుల్లో మునిగిన ఒక నాటకశాల యజమాని ఉన్నాడు. మాట తడబడే ఒక దర్జీ ఉన్నాడు. ఈ ముగ్గురూ మనకు కొత్తవాళ్ళు కారు. మన మహాసభల్లో నాటకం వేయబోయి అవస్థపడిన వారెవరైనా వీళ్ళను చూడగానే గుర్తుపడతారు.

ముందు చిత్రం వివరాలు నాలుగు మాటల్లో చెబుతాను. దర్శకుడు జాన్ మాడెన్. రచయితలు మార్క్ నార్మన్, టామ్ స్టాపర్డ్. స్టాపర్డ్ స్వయంగా గొప్ప నాటకకర్త. ‘హామ్లెట్’లో ఒక మూలన ఉండే ఇద్దరు చిన్న పాత్రలను ముందుకు తెచ్చి, వాళ్ళ వైపు నుంచి ఆ కథను చూపించిన నాటకంతో 1966లో పేరు తెచ్చుకొన్నాడు. షేక్‌స్పియర్‌గా జోసెఫ్ ఫైన్స్, కథానాయిక వయోలాగా గ్వినెత్ పాల్ట్రో, నాటకశాల యజమానిగా జెఫ్రీ రష్, ఎలిజబెత్ రాణిగా జూడీ డెంచ్ నటించారు. ఆస్కార్ బహుమతులకు 13 విభాగాల్లో పోటీపడి, 1999 మార్చిలో జరిగిన ఉత్సవంలో 7 గెలుచుకొంది. ఉత్తమ చిత్రం, ఉత్తమ నటి, ఉత్తమ సహాయ నటి, ఉత్తమ స్వతంత్ర కథారచన అందులో ఉన్నాయి. సహాయ నటి బహుమతి పొందిన జూడీ డెంచ్ ఈ చిత్రంలో పట్టుమని పది నిమిషాలైనా కనిపించదు. వేషం పెద్దదా చిన్నదా అని పేచీ పెట్టే నటులకు ఇదొక పాఠం.

పెద్దలకు ఒక మనవి. ఇందులోని ప్రేమ సన్నివేశాలు కొన్ని చిన్నపిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చూసేవి కావు. ఇంటిల్లిపాదీ చూడాలనుకొనేవారు అది గుర్తుంచుకోవాలి.

ఇక కథకు వద్దాం. కాలం 1593. స్థలం లండను నగరం. అక్కడ రోజ్ అనే నాటకశాల ఉంది. దాని యజమాని హెన్స్‌లో వడ్డీవ్యాపారి ఫెనీమన్‌కు బాకీపడ్డాడు. చిత్రం మొదలయ్యేసరికి బాకీ వసూలు కోసం హెన్స్‌లో కాళ్ళు నిప్పుల మీద పెట్టారు. ఆ బాధలో ఆయన ఒక వాగ్దానం చేస్తాడు: షేక్‌స్పియర్ కొత్త హాస్య నాటకం రాస్తున్నాడు, అది ఆడితే బాకీ తీరిపోతుంది. నాటకం పేరు ‘రోమియో, సముద్రపు దొంగ కూతురు ఎథెల్’! పేరు తప్ప ఒక్క ముక్క కూడా రాసి లేదు. కుర్ర షేక్‌స్పియర్‌కు కలం సాగడం లేదు. కూర్చొని తన సంతకాన్ని రకరకాలుగా రాసుకొంటున్నాడు. పైగా రాయని ఆ నాటకాన్నే ఎదుటి కంపెనీ నటుడు బర్బేజ్‌కు కూడా అమ్మజూపాడు. ఒకే పొలాన్ని ఇద్దరికి కౌలుకిచ్చినట్టుంది వ్యవహారం.

వేషాల కోసం నటులు వస్తారు. వచ్చిన ప్రతివాడూ షేక్‌స్పియర్ ఎదుటే నిలబడి మార్లో రాసిన నాటకంలోని మాటలే అప్పజెబుతాడు. క్రిస్టఫర్ మార్లో అప్పటికి లండనులో అందరికంటే పేరున్న నాటకకర్త. ఇంకొకరి కవిత్వం వరసగా వినవలసిన కవి ముఖం ఎలా ఉంటుందో ఊహించండి. చివరికి టామస్ కెంట్ అనే కుర్రవాడొకడు వచ్చి, షేక్‌స్పియర్ రాసిన పంక్తులనే ప్రాణంపెట్టి చదువుతాడు. టోపీ తీయమంటే తీయడు, పారిపోతాడు. అతడు కుర్రవాడు కాదు. డబ్బున్న వర్తకుడి కూతురు వయోలా. నాటకాలంటే ప్రాణం. ఆనాటి ఇంగ్లండులో వృత్తి నాటకశాలల్లో స్త్రీ వేషాలు కూడా మగపిల్లలే కట్టేవారు. అందుకని ఆమె మీసం అతికించుకొని, మగవాడిగా వచ్చింది.

షేక్‌స్పియర్ ఆమెను వెతుక్కుంటూ వాళ్ళ ఇంటి విందుకు వెళతాడు. ప్రేమ పుడుతుంది. ఆ ప్రేమలో పగలు జరిగింది రాత్రి కాగితం మీదికి వస్తుంది, రాత్రి రాసింది పగలు రిహార్సల్లోకి వస్తుంది. సముద్రపు దొంగ కూతురు ఎథెల్ మెల్లగా మాయమై జూలియట్ ప్రత్యక్షమవుతుంది. హాస్య నాటకంగా మొదలైంది విషాదాంతం వైపు నడుస్తుంది. ఎందుకంటే వీళ్ళ ప్రేమకు కూడా దారి లేదు. వయోలా తండ్రి ఆమెను వెసెక్స్ అనే ప్రభువుకు ఇచ్చి చేయడానికి బేరం కుదుర్చుకొన్నాడు. తండ్రికి డబ్బుంది, బిరుదు లేదు. ప్రభువుకు బిరుదుంది, డబ్బు లేదు. షేక్‌స్పియర్‌కు ఇంతకుముందే పెళ్ళయి, ఊళ్ళో భార్యాబిడ్డలు ఉన్నారు. చిత్రం ఈ సంగతి దాచదు. ప్రేమికుడు కదా అని అతడిని వెనకేసుకురాదు.

ఇందులో హాస్యం ఎక్కడ పుడుతుందో గమనించండి. జోకులు కూడా ఉన్నాయి గాని, అసలు నవ్వు నాటకం వేయడంలోని ఇబ్బందుల నుంచి వస్తుంది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మనవాళ్ళు. నాటకం వేసి చూడు అని మూడోది కూడా కలపవచ్చు. పేరున్న నటుడు నెడ్ అలెన్ తనది ప్రధాన వేషమైతేనే ఆడతానంటాడు. అతడికి నాటకం పేరే ‘మెర్కూషియో’ అని చెప్పి ఒప్పిస్తారు. తీరా ఆ పాత్ర నడిమధ్యలో చచ్చిపోతుంది. దాది వేషం ఒక భారీకాయుడికి ఇచ్చారు. షేక్‌స్పియర్‌ను పడవలో దాటించే సరంగు కూడా తానొక రచయితనని, తన రాతప్రతి చూడమని పట్టుకొంటాడు. ఎలుకలతో ఆడుకొనే ఒక క్రూరమైన వీధిపిల్లవాడు వచ్చి, తనకు రక్తం కారే నాటకాలే ఇష్టమంటాడు. పేరు అడిగితే జాన్ వెబ్‌స్టర్ అంటాడు. ఆ పేరుతో తరువాత కాలంలో నిజంగానే భయంకరమైన విషాద నాటకాలు రాసిన కవి ఉన్నాడు. తెలిసినవారికి అక్కడ ఒక నవ్వు అదనం.

అందరికంటే నాకు నచ్చిన మార్పు వడ్డీవ్యాపారి ఫెనీమన్‌ది. మొదట నాటకమంటే అతడికి లెక్క, జమ, ఖర్చు అంతే. నటులకు జీతమేమిటి, వచ్చే లాభంలో వాటా ఇస్తామని చెబుదాం, లాభం ఎలాగూ రాదు కదా అనే రకం. అలాంటివాడిని ఓదార్చడానికి ఒక చిన్న వేషం ఇస్తారు. మందులవాడి వేషం, నాలుగైదు మాటలు. ఇక చూడండి! రిహార్సల్లో ఎవరైనా గట్టిగా మాట్లాడితే అతడే గద్దిస్తాడు. మూలన నిలబడి తన నాలుగు మాటలు జపంలా వల్లెవేసుకొంటాడు. మన మహాసభకు విరాళాలిచ్చే పెద్దలు ఈ వేదికమీద ఉన్నారు కనుక సవినయంగా ఒక సలహా: దాతలకు శాలువాతోపాటు ఒక్కొక్క చిన్న వేషం కూడా ఇచ్చి చూడాలి.

ఇప్పుడు వయోలా సంగతి. ఈ చిత్రాన్ని ప్రేమకథ అని అందరూ అంటారు. నిజమే. అయితే వయోలా మొదట ప్రేమించింది షేక్‌స్పియర్‌ను కాదు, నాటకాన్ని. అతడిని ముఖాముఖి కలవకముందే అతడి పంక్తులు ఆమెకు కంఠస్థం. ఆమె సాహసం ప్రియుడి కోసం చేసింది కాదు, వేషం కోసం చేసింది. పట్టుబడితే పరువు పోతుంది, కంపెనీ మూతపడుతుంది. అయినా వెళ్ళింది. మగపిల్లలు ఆడవాళ్ళలా కీచుగొంతుతో ప్రేమ గురించి మాట్లాడుతూ ఉంటే అందులో నిజం ఎలా పలుకుతుందని ఆమె బాధ. చివరికి పట్టుబడుతుంది. ఆ వెబ్‌స్టర్ పిల్లవాడే వెళ్ళి, కంపెనీలో ఆడది ఉందని నాటకాల మీద అధికారి అయిన టిల్నీకి చెబుతాడు. రోజ్ నాటకశాలకు తాళం పడుతుంది. అప్పుడు పోటీదారు బర్బేజ్ తన కర్టెన్ నాటకశాలను ఇస్తాడు. నిన్నటిదాకా కొట్టుకొన్నవాళ్ళు, మన బతుకును తక్కువచూపు చూసేవాళ్ళ ఎదుట మనమంతా ఒకటేనన్న రోషంతో కలుస్తారు.

ఈ ఘట్టం చూసినప్పుడు తెలుగు రంగస్థలం గుర్తుకు రాక మానదు. మన దగ్గర కూడా మగవాళ్ళే స్త్రీ పాత్రలు ధరించిన కాలం చాలా ఉంది. స్థానం నరసింహారావుగారు (1902–1971) సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా తెలుగు ప్రేక్షకులను ముగ్ధుల్ని చేశారు. 1956లో ఆయనకు పద్మశ్రీ బిరుదు వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారి భామ వేషం అంత ప్రసిద్ధం. ఆ కళ సామాన్యమైనది కాదు. దానిని తక్కువ చేయడం ఈ చిత్రం ఉద్దేశం కాదు, నా ఉద్దేశమూ కాదు. అయితే ఆ ఆచారం పక్కనే ఇంకొక ప్రశ్న ఉంది: వేషం కట్టాలని కోరిక ఉన్న ఆడపిల్ల ఎక్కడికి పోవాలి? దానికి తెలుగునాట ముందుగా జవాబు చెప్పినవాళ్ళలో సురభివారు ఉన్నారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’ నాటకంతో ఆ సమాజానికి పునాది వేశారు. కుటుంబమే కంపెనీ. ఆ ఇంటి ఆడవాళ్ళే ఆడవేషాలు కట్టారు. స్త్రీలు రంగమెక్కితే లోకం చులకనగా చూసిన రోజుల్లో వాళ్ళు సంసారాలు చేసుకొంటూ, పిల్లల్ని పెంచుకొంటూ నాటకాలాడారు. ఇంగ్లండులో వృత్తి నటిగా స్త్రీ రంగమెక్కింది 1660లో. అంటే మన వయోలా కాలం తరువాత అరవై ఏళ్ళు దాటాక.

చిత్రంలో నాటకం వయోలా పెళ్ళిరోజునే ఆడుతుంది. పెళ్ళి అయిపోయింది. ఓడ సిద్ధంగా ఉంది. నాటక ప్రకటన కాగితం ఆమె చేతికి అందుతుంది. ఆమె పరుగెత్తుకొంటూ కర్టెన్‌కు వస్తుంది. అదే సమయానికి జూలియట్ వేషం కట్టవలసిన పిల్లవాడికి గొంతు మారి మగగొంతు వచ్చేసింది! యౌవనం ఎవరి కోసమూ ఆగదు కదా. తెర వెనక అందరూ తలలు పట్టుకొని ఉంటే వయోలా జూలియట్‌గా రంగంమీదికి వెళుతుంది. షేక్‌స్పియర్ తానే రోమియో వేషంలో ఉన్నాడు. ఎదుట వేల కళ్ళు. అందరి ముందూ వాళ్ళు తమ వీడ్కోలు చెప్పుకొన్నారు. చూసేవారికి అది రోమియో జూలియట్ల వీడ్కోలు. చెప్పుకొన్నవారికి అది తమదే. నాటకం ఇంతకంటే ఎక్కువ ఏం చేయగలదు?

ఇక్కడొక పందెం సంగతి చెప్పాలి. అంతకుముందు రాణిగారి కొలువులో ఒక మాట వచ్చింది. ప్రేమలోని నిజస్వరూపాన్ని నాటకం చూపించగలదా అని. చూపించలేదని రాణిగారి అభిప్రాయం. చూపగలదని వయోలా వాదిస్తుంది. ఆమె వెంట ఆడవేషంలో వచ్చిన షేక్‌స్పియర్ 50 పౌండ్లు పందెం కాస్తాడు. వెసెక్స్ ప్రభువు ఒప్పుకొంటాడు. సాక్షి రాణిగారు. నాటకం ముగిశాక టిల్నీ ఆడదాన్ని పట్టుకొన్నానని కేకలు వేస్తుంటే, ప్రేక్షకుల మధ్య నుంచి రాణిగారే లేచి వస్తారు. ఆమెకు అంతా తెలుసు. మగవాళ్ళ పనిలో ఉన్న ఆడదాని కష్టం తనకు తెలియనిది కాదని ఒక్క మాటలో సూచిస్తుంది. ఈమె టామస్ కెంటే, ఆడది కాదు పొమ్మని తీర్పిచ్చి కంపెనీని కాపాడుతుంది. పందెం షేక్‌స్పియర్ గెలిచాడంటుంది. కానీ దేవుడి ఎదుట జరిగిన పెళ్ళిని తాను కూడా విడదీయలేనంటుంది. వయోలా భర్తతో వెళ్ళవలసిందే. గెలిచిన ఆ 50 పౌండ్లతో షేక్‌స్పియర్ నాటక కంపెనీలో వాటాదారు అవుతాడు. ఆశయం నెరవేరింది, ప్రేమ చేజారింది. తరువాత రాయబోయే ‘ట్వెల్త్ నైట్’ నాటకంలో ఓడ మునిగి ఒడ్డుకు చేరిన కథానాయికకు అతడు పెట్టిన పేరు వయోలా.

పిల్లలు పరీక్షలో ఇవన్నీ నిజమని రాసేస్తారేమోనని ఒక హెచ్చరిక చేస్తాను. హెన్స్‌లో నిజంగా ఉన్నాడు. రోజ్ నాటకశాలను 1587లో కట్టించాడు. ఆయన జమాఖర్చుల పుస్తకం ఈనాటికీ భద్రంగా ఉంది. 1989లో లండనులో ఒక కట్టడం కోసం తవ్వుతుంటే రోజ్ పునాదులు బయటపడ్డాయి. అలెన్, బర్బేజ్, మార్లో, టిల్నీ చరిత్రలో ఉన్నవారే. మార్లో 1593 మే 30న డెట్‌ఫర్డ్‌లో కత్తిపోటుతో చనిపోవడమూ నిజమే. కానీ వయోలా కల్పితం. రోమియో కథ షేక్‌స్పియర్ స్వంత ప్రేమలోంచి పుట్టింది కాదు. ఆర్థర్ బ్రూక్ అనే కవి 1562లోనే ఆ కథను ఇంగ్లీషు పద్యకావ్యంగా రాశాడు. రాణులు సామాన్యుల నాటకశాలలకు వచ్చేవారు కారు; నటులే కోటకు వెళ్ళి ఆడేవారు. ఇవన్నీ తెలిసే రచయితలు కల్పించారు. మన పురాణ నాటకాల్లో కవులు ఎన్ని కల్పనలు చేయలేదు?

ఒక కల్పన దగ్గర మాత్రం మనం కాస్త ఆగాలి. వెసెక్స్ ప్రభువుకు డబ్బు ఎందుకు కావలసి వచ్చింది? వర్జీనియాలో అతడికి పొగాకు తోటలున్నాయట. 1593లో అక్కడ ఇంగ్లీషువారి తోటలు లేవు. నిలదొక్కుకొన్న మొదటి ఇంగ్లీషు వలస జేమ్స్‌టౌన్, అది 1607లో ఏర్పడింది. అయినా ఆ మాట మన చెవుల్లో వేరుగా మోగుతుంది. తోట, ఓడ, సముద్రం అవతల తెలియని దేశం – ఈ మూడు మాటలూ మన ఇళ్ళల్లో తరతరాలుగా ఉన్నాయి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దర్బను రేవు చేరింది. 1911 వరకు అలా నేటాలుకు వచ్చిన ఒప్పంద కూలీలు లక్షన్నర మందికి పైగా. వాళ్ళలో మన ముత్తవ్వలు, ముత్తాతలు ఉన్నారు. వయోలా తోట యజమాని భార్యగా ఓడ ఎక్కింది. మనవాళ్ళు చెరకు తోట కూలీలుగా ఎక్కారు. ఈ రెండూ ఒకటి కావు, ఒకటని నేను అనను. కానీ ఓడ ఎక్కిన మనిషి మూటలో పట్టనిది ఒకటి ఉంటుంది. అది నోట్లో ఉంటుంది. మాట, పాట, పద్యం. మనవాళ్ళు దాన్నే తెచ్చుకొన్నారు. అదే మనకు మిగిల్చారు.

నాటకంలోని మాటకు అంత బలం ఉంటుందా అని రాణిగారు సందేహించారు కదా. దానికి ఈ దేశం నుంచే ఒక సాక్ష్యం చెబుతాను. 1970లలో రాబెన్ దీవి చెరసాలలో దర్బనుకు చెందిన సన్నీ వెంకటరత్నంగారు రాజకీయ ఖైదీగా ఉన్నారు. ఆయన దగ్గర షేక్‌స్పియర్ సమగ్ర రచనల సంపుటం ఒకటి ఉండేది. కాపలావాళ్ళు లాక్కోకుండా అట్టకు దీపావళి శుభాకాంక్షల కార్డులు అంటించి, అది తన మతగ్రంథమని చెప్పి దాచుకొన్నారు. ఆ పుస్తకం చేతులు మారింది. ముప్పై మందికి పైగా ఖైదీలు తమకు నచ్చిన పంక్తుల పక్కన సంతకాలు చేశారు. నెల్సన్ మండేలా 1977 డిసెంబరు 16న ‘జూలియస్ సీజర్’లో ఒకచోట సంతకం పెట్టారు. వాల్టర్ సిసులు ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లో షైలాక్ మాటలను ఎంచుకొన్నారు. 2012లో ఆ పుస్తకాన్ని లండనులోని బ్రిటిష్ మ్యూజియం ప్రదర్శనలో ఉంచారు. అదే ‘జూలియస్ సీజర్’ను వావిలాల వాసుదేవశాస్త్రిగారు 1876లోనే తెలుగు చేశారు. నాలుగు వందల ఏళ్ళ కింద ఎవరో నటుడు పలకడానికి రాసిన మాట చెరసాలలో ఒక మనిషికి తోడు నిలిచింది. పందెం గెలిచింది ఎవరో మీరే చెప్పండి.

ఇక చివరగా నా దర్జీ దగ్గరికి వస్తాను. ఇంతసేపూ అతడి కోసమే మాట్లాడుతున్నానని కూడా అనుకోవచ్చు. అతడి పేరు వాబాష్. హెన్స్‌లో అతడికి బాకీ. డబ్బు ఇవ్వలేక నాటకంలో వేషం ఇస్తానంటాడు. అతడికి నత్తి. ఒక మాట నోట్లోంచి రావడానికి ముఖమంతా ఎర్రబడుతుంది. అలాంటివాడికి ఇచ్చింది ఏ వేషం? తెర తీయగానే ఒంటరిగా వచ్చి నాటకాన్ని ప్రేక్షకులకు పరిచయం చేసే వేషం. మన నాటకాల్లో సూత్రధారుడి వంటిది. ఆ రోజు రానే వచ్చింది. జనం కిటకిటలాడుతున్నారు. వాబాష్ ముందుకు వచ్చాడు. మొదటి అక్షరం పెదవుల దగ్గరే ఇరుక్కుపోయింది. తెర వెనక షేక్‌స్పియర్ మన పని అయిపోయిందని కుంగిపోయాడు. హెన్స్‌లో మాత్రం అంతా సవ్యంగా జరుగుతుందంటాడు. ఎలా అని అడిగితే, ఎలాగో తెలియదు, అదొక మాయ అంటాడు. ఆయన చిత్రమంతా ఇదే మాట అంటూ ఉంటాడు. అంతలో వాబాష్ నాలుక తిరిగింది. నదిలా, తడబాటు లేకుండా, చివరి అక్షరం దాకా గంభీరంగా చెప్పి దిగిపోయాడు.

నాకు ఈ దృశ్యం చూసినప్పుడల్లా మన యువకులు, యువతులు కళ్ళలో మెదులుతారు. మన ఇళ్ళలో తెలుగు పూర్తిగా పోలేదు. దేవుడి గదిలో ఉంది. పెళ్ళి పాటల్లో ఉంది. అవ్వ, తాత అనే పిలుపుల్లో ఉంది. భజనలో గొంతెత్తితే మన పిల్లలు స్పష్టంగా పాడతారు. కానీ అవ్వ ఎదుట కూర్చొని నాలుగు ముక్కలు మాట్లాడమంటే మాత్రం సిగ్గుపడి ఇంగ్లీషులోకి దూకుతారు. తెలియక కాదు. తప్పుపోతే నవ్వుతారని భయం. పెద్దలం మనం కూడా కొన్నిసార్లు నవ్వాం. ‘ళ’ పలకలేదని, వ్యాకరణం తప్పిందని వేళాకోళం చేశాం. నత్తిమాటవాడిని నలుగురిలో వెక్కిరిస్తే అతడు మరి నోరెత్తడు. భాష సంగతి కూడా అంతే.

నాటకానికి ఉన్న గొప్ప గుణం ఏమిటంటే, అది తడబడేవాడికి మాట సిద్ధం చేసి ఇస్తుంది. ఏం చెప్పాలో వెతుక్కోనక్కరలేదు. పోర్షన్ చేతిలో ఉంటుంది. నెల రోజులు వల్లెవేయవచ్చు. ఎదుటి పాత్ర ప్రశ్న అడుగుతుంది, జవాబు చెప్పి తీరాలి. అలా చెప్పిన మాట నోటికి అలవాటవుతుంది. ఈనాడు మన ఉత్సవాల్లో నృత్యాలు చక్కగా జరుగుతున్నాయి. సంతోషం. కానీ నృత్యానికి పాట పెట్టెలోంచి వస్తుంది, పిల్లల నోరు మూసే ఉంటుంది. కాళ్ళు తెలుగు ఆడుతున్నాయి, నాలుక ఆడడం లేదు. నాటకం ఒక్కటే పిల్లల నోట తెలుగు మాట్లాడిస్తుంది.

అందుకని కార్యవర్గానికి నాదొక విన్నపం. వచ్చే ఉగాదికి ఒక తెలుగు నాటిక వేద్దాం. పదిహేను నిమిషాలు చాలు. తెలుగు లిపి రానివారికి ఇంగ్లీషు అక్షరాల్లో పోర్షన్ రాసిద్దాం, తప్పులేదు. తెర పక్కన ప్రాంప్టర్లుగా అవ్వలను, తాతలను కూర్చోబెడదాం. మాట మరిచిపోయిన మనవడికి అందించడం కంటే వాళ్ళకు కావలసిన పని ఏముంది? వేషం కావాలని వచ్చిన ఆడపిల్లకు నీకెందుకమ్మా అని చెప్పకుండా ఆమె అడిగిన వేషమే ఇద్దాం. అది రాజు వేషమైనా సరే. సూత్రధారుడి వేషం మాత్రం తెలుగు బాగా వచ్చినవాడికి ఇవ్వవద్దు. అందరికంటే ఎక్కువ తడబడేవాడికి ఇద్దాం. మొదటి అక్షరం ఇరుక్కుపోతే ఎవరమూ నవ్వకుండా, ఊపిరి బిగబట్టి కాచుకొందాం. మాట వస్తుంది.

ఎలా వస్తుందని అడిగితే హెన్స్‌లో చెప్పిన జవాబే నాది కూడా. అయితే ఆ మాయ జరగడానికి నెల రోజుల రిహార్సలు, ఒక హాలు, కొంచెం ఓపిక కావాలి. హాలు అద్దె సంగతి ఈ వేదికమీది ఫెనీమన్‌గార్లు చూసుకొంటారని ఆశిస్తున్నాను.